కుక్కకో చప్టా కట్టండి, కాలవని వదిలేయండి

చుట్టూ ఇన్ని నీళ్లుండగా కుక్కని కడగడానికి ప్రత్యేకంగా ఓ చోటు కట్టుకోవాలా అని మా కోనసీమలో ఎవరైనా అడుగుతారు. చుట్టూ నీళ్లున్నాయి కాబట్టే కట్టుకోవాలి అంటాను నేను. నీళ్లు కరువైన ఊళ్లో ఉన్నవాళ్లు బకెట్టు ముందు పెట్టుకుని, ఇవి ఎక్కడ పోయాలి, పోసినవి ఎటు పోతాయి అని ఆలోచిస్తారు. మనకి ఆ ఆలోచనే రాదు. ఇంటి వెనక బోదె, అది దాటితే పంట కాలవ, అటుపక్క చెరువు. మెడకి గొలుసు తగిలించి రేవులోకి దింపడం, వీపు మీద బట్టల సబ్బు రుద్దడం, ముంచి లేపడం, అయిపోయింది. ఇప్పటికీ ఆదివారం పొద్దున్న కాలవ గట్టు మీద నడిస్తే ఇదే కనపడుతుంది. ఇది మానేయాలని, కుక్క ఉన్న ప్రతి ఇంట్లో నాలుగడుగుల సిమెంటు చప్టా ఒకటి ఉండాలని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు కాలవ సంగతి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఈ డెల్టాలో వరి చేలకీ, పశువులకీ, మనుషులకీ ఒకటే నీళ్లు. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకునేది కూడా ఈ కాలవల నుంచే. మన రేవులో వదిలిన నురగ పక్క ఊరి రేవు మీదుగా పోతుంది, దాని తర్వాత ఇంకో ఊరుంది, చిట్టచివర శివారు గ్రామాలవాళ్లకి పైవాళ్లందరూ వాడగా మిగిలిన నీళ్లే దక్కుతాయి. "గేదెలు పడుకోవట్లేదా, బట్టలు ఉతకట్లేదా, నీ ఒక్క కుక్కతోనే కాలవ పాడైపోతుందా" అని మా వీధిలో ఓ పెద్దాయన నన్ను నిలదీశారు. ఆయన మాటలో నిజముంది. గేదెల్ని కాలవలో దింపొద్దని నేను ఎవరికీ చెప్పలేను. కానీ కుక్కని మనం ఎక్కువగా కడిగేది గోమార్లు (పిడుదులు) పట్టినప్పుడు, గోమార్లు పట్టినప్పుడంటే మందు కలిపిన నీళ్లతో. అక్కడే లెక్క మారిపోతుంది.

గోమార్ల మందు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. డెల్టామెథ్రిన్ అనో, సైపర్‌మెథ్రిన్ అనో, అమిట్రాజ్ అనో ఉంటుంది. మొదటి రెండూ పైరెథ్రాయిడ్ల జాతి. లేబుల్ మీద రాసిన మోతాదులో కలిపితే కుక్కకి సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు, చేపలకీ రొయ్యలకీ మాత్రం అది కాలకూటం. గోమారిని మనం పురుగు అంటాం గానీ దానికి ఎనిమిది కాళ్లు, సాలీడుకి దగ్గరి బంధువు. రొయ్య కూడా ఆ కీళ్ల కాళ్ల జీవుల్లోనిదే. గోమారి నరాల మీద పనిచేసే మందు రొయ్య నరాల మీదా అలాగే పనిచేస్తుంది, అందుకు నీళ్లలో ఆనవాలు మాత్రంగా ఉన్నా చాలు. ఉప్పలగుప్తం, అల్లవరం, కాట్రేనికోన వైపు వెళ్తే కనుచూపు మేర రొయ్యల చెరువులు, ఆ గట్ల మీదే కాపలా కుక్కలు. సీడ్ టెస్టింగ్ దగ్గర్నుంచి ఏరియేటర్ల కరెంటు బిల్లు దాకా రైతు పడే టెన్షన్ అందరికీ తెలిసిందే. అంత జాగ్రత్తపడి, చెరువుకి నీళ్లు తోడుకునే కాలవలోనే కుక్క ఒంటి మీది మందు కడిగేస్తే ఏమనాలి? అదే నీళ్లు మట్టి మీద పోస్తే కథ వేరు. పైరెథ్రాయిడ్లు మట్టి రేణువుల్ని గట్టిగా పట్టుకుని ఉండిపోతాయి, ఎండకీ మట్టిలోని సూక్ష్మజీవులకీ మెల్లమెల్లగా విరిగిపోతాయి. కాబట్టి కుక్కని దేనితో కడిగామన్నదానికంటే, కడిగిన నీళ్లు మట్టిలోకి పోతున్నాయా కాలవలోకి పోతున్నాయా అన్నదే నాకు ముఖ్యం.

ఇక మన ఒళ్ల సంగతి. వరి చేలున్నచోట ఎలుకలుంటాయి, ఎలుక మూత్రంతో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి నీళ్లలోకీ బురదలోకీ చేరుతుంది. ఎలుక జ్వరం అనేది దీని వల్లే. పగిలిన మడమ, గీసుకుపోయిన చర్మం, కళ్లు, నోరు, ఏదో ఒక దారి చాలు దానికి. కుక్కకి సోకితే దాని మూత్రం ద్వారా ఇంట్లోవాళ్లకీ రావచ్చు. నడుం లోతు నీళ్లలో కుక్కని అదిమి పట్టుకుని నిలబడే కుర్రాళ్లని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. కుక్కలకి వేసే కలిపిన టీకాల్లో చాలావాటిలో దీనికీ టీకా ఉంటుంది, పశువుల డాక్టరుగారిని అడిగి మరీ వేయించండి. దమ్ము రోజుల్లో పొలం తిరిగొచ్చిన కుక్క కాళ్లకి బురద ఒక్కటే అంటుకోదు, చేలో చల్లిన గుళికలు, కొట్టిన మందు కూడా అంటుకుంటాయి, అది కూర్చుని తీరిగ్గా పాదాలు నాకుతుంది. ఆ కాళ్లు కడగాల్సింది ఇంటికి రాగానే, శుభ్రమైన నీళ్లతో. మళ్లీ అదే బోదెలో ముంచితే కడిగినట్టు కాదు.

మరి బోరింగు దగ్గర కడగొచ్చు కదా అంటారు. బిందెలు పెట్టుకునే చోట, నలుగురూ నీళ్లు పట్టుకునే చోట కుక్క వెంట్రుకలూ గోమార్లూ వదలడం న్యాయం కాదు, గొడవలు కూడా దాని వల్లే వస్తాయి. ఇంట్లో బాత్‌రూమ్ అంటారా, నీళ్లు బయటికి పోయే ట్రాప్ వెంట్రుకలకి మూసుకుపోతుంది, పైగా టైల్స్.

ఈ టైల్స్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్లలేను. నున్నటి తడి నేల మీద నిలబెట్టిన కుక్క పాదాలు ఒకసారి వంగి చూడండి. వేళ్లన్నీ విడదీసి, గోళ్లు దింపడానికి చూస్తుంది. పట్టు దొరక్క గోళ్లు కిర్రుమంటాయి. వెనక కాళ్లు చెరోపక్కకీ పోతుంటాయి, నడుం కిందకి దిగుతుంది, తోక కాళ్ల మధ్యకి పోతుంది. సరిగ్గా అప్పుడు మనం చెంబుతో నీళ్లు గుమ్మరిస్తాం. దూకి పారిపోక ఏం చేస్తుంది? "మా వాడికి నీళ్లంటే భయమండి" అంటారు. ఆ కుక్కే జోరువానలో తిరుగుతుంది, కొంగల వెంటపడి బోదె ఈదుతుంది. దాని భయమంతా జారిపోతానని. కాళ్ల కింద నేల గట్టిగా ఉంటే సగం కుక్కలు స్నానానికి మారాం చేయవు. మా రాజు నాటు కుక్క, పక్కింటివాళ్లది ముప్ఫై కిలోల ల్యాబ్, రెండూ ఇప్పుడు పిలిస్తే చప్టా ఎక్కి నిలబడతాయి.

సరే, కట్టడం ఎలాగో చెప్తాను. పెద్ద పని కాదు. వందా నూటయాభై ఇటుకలు, రెండు బస్తాల సిమెంటు, ఇసుక, కొంచెం కంకర చిప్స్, మూడంగుళాల పీవీసీ పైపు ముక్క, ఒక నహానీ ట్రాప్. ఇల్లు కట్టగా మిగిలిన సామాను పెరట్లో పడి ఉంటే ఇంకా నయం.

చోటు చూసుకునేటప్పుడు మొదట తలెత్తి చూడండి. మన పెరళ్లలో కొబ్బరిచెట్టు లేని చోటు వెతకడమే కష్టం, కానీ కాయో మట్టో పడే చోట కుక్కని కట్టేసి, మీరు తల వంచుకుని కూర్చోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. చెట్ల వరసకి దూరంగా, సగం రోజైనా ఎండ తగిలే చోటు కావాలి. నీడలో కట్టారంటే వానాకాలం తిరక్కుండానే పాచి పట్టేస్తుంది, అప్పుడది టైల్స్‌కంటే అన్యాయం. నూతికీ బోరుకీ దూరం జరగండి. మోటారు స్విచ్ బోర్డు చేయి చాచితే అందేలా అస్సలు ఉండకూడదు. తడి నేల మీద కరెంటుతో పరాచికాలు వద్దు, ఎక్స్‌టెన్షన్ వైరు లాగి చప్టా మీద డ్రయ్యర్ వాడే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి.

తర్వాత ఎత్తు. డెల్టాలో నేలకి పెద్దగా వాటం, అంటే వాలు, ఉండదు, పైగా వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరే ఊళ్లే ఎక్కువ. మెట్ట ప్రాంతంలోలాగ లోతుగా ఇంకుడు గుంత తవ్వి మురుగు అందులోకి వదులుదామంటే ఇక్కడ కుదరదు, గుంత కింద నుంచే నిండిపోతుంది, ఆ మురుగు వెళ్లి మన బోరింగు నీళ్లలోనే కలుస్తుంది. అందుకని వాటం మనమే పుట్టించుకోవాలి, అంటే చప్టాని లేపాలి. అడుగున్నర ఎత్తు పెట్టమంటాను నేను. కొందరు నడుం వంగకుండా ఉండాలని రెండున్నర అడుగులు లేపుతారు, చిన్న పొమేరియన్ అయితే బాగానే ఉంటుంది, ముప్ఫై కిలోల కుక్కని అంత ఎత్తు ఎక్కించడం, సబ్బు ఒంటితో అది దూకితే పట్టుకోవడం మనవల్ల కాదు. అడుగున్నర ఎత్తు కట్టి, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే కుక్క మొహం మన మొహానికి ఎదురుగా ఉంటుంది, దానికీ ధైర్యం. ఎక్కడానికి ఆరంగుళాల మెట్లు రెండు చాలు. ముసలి కుక్కలకి నడుం నొప్పులుంటాయి, మెట్టు వెడల్పుగా ఉంటే మంచిది.

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. చుట్టూ ఇటుక గోడ లేపి లోపల ఇసుక, ఇటుక ముక్కలు పోసి నీళ్లతో దట్టించాలి. ఆ పక్కనున్న మన్నే ఎత్తి లోపల పోసేయకండి. మనది బంకమన్ను, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, పైనున్న చప్టా కూడా దాంతోపాటే పగులుతుంది. పగులు వచ్చిందంటే గోమార్లకి మీరే ఇల్లు కట్టిచ్చినట్టు. కుక్క ఒంటి మీద మనకి కనపడేవి కొన్నే. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందకి రాలి, గోడ సందుల్లో దూరి వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే నేను గోడలకి లోపలా బయటా సిమెంటు పూత నున్నగా వేయించమంటాను, ఇటుకలు బయటికి కనపడేలా వదిలేయొద్దు. నేల మాత్రం గరుకుగా ఉండాలి. పైన మూడంగుళాల కాంక్రీటు వేసి, పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరీనెల చీపురుతో నీళ్లు పారే వైపుకి గీతలు గీయించండి. అడ్డంగా గీస్తే ప్రతి గీతలోనూ మురుగు నిలుస్తుంది.

మేస్త్రీగారు మొదట నవ్వారు. "కుక్కకి చప్టా ఏంటండీ, బోరింగు దగ్గర కడిగేసుకోక?"

"చుక్క నిలవకూడదు మేస్త్రీగారూ, నాలుగడుగులకి అంగుళం వాటం కావాలి."

"ఆయ్, వాటం సంగతి నాకొదిలేయండి" అన్నారు. రసమట్టం పెట్టి చూసుకున్నారు గానీ ఆయన దాన్ని నమ్మలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి పై అంచున సన్నధారగా వదిలి, గొంతుక్కూర్చుని చూశారు. నీళ్లు చక్కగా దిగి, ట్రాప్‌కి జానెడు దూరంలో ఎడమ మూల అరచేయంత మడుగు కట్టాయి. మారు మాట్లాడకుండా ఆ మూల తాపీతో గీకి, కాస్త మాలు వేసి మళ్లీ లాగి, మళ్లీ చెంబు తెచ్చారు. రెండోసారి ఆ మూల తడి మెరుపు తప్ప ఏమీ మిగల్లేదు. పని తెలిసిన చేయి అంటే అది. మీరు కట్టించేటప్పుడు కూడా సిమెంటు గట్టిపడకముందే చెంబు పరీక్ష చేయించండి, తర్వాత గొడ్డలితో కొట్టినా లాభం ఉండదు.

వారం రోజులైనా గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండాలి. ఆ తర్వాత కూడా రెండు మూడుసార్లు కడిగి ఎండబెట్టి గానీ కుక్కని ఎక్కించకండి. పచ్చి సిమెంటు నీళ్లలో ఘాటైన క్షారం ఉంటుంది, పాదాల మెత్తలు ఒరిసిపోతాయి, అది మళ్లీ నాకుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, బయటికొచ్చే నీళ్లు. ట్రాప్ మీద జాలీ, జాలీ మీద కొబ్బరి పీచు గుప్పెడు. వెంట్రుకలన్నీ అందులో చిక్కుకుంటాయి, స్నానం అయ్యాక ఆ పీచు తీసి కాల్చేయడమే, ఇంకోసారికి కొత్త పీచు. కోనసీమలో పీచుకి కరువా! పైపు చివర బెండు, అంటే వంపు తిరిగిన ముక్క, మాత్రం అతికించకుండా వదులుగా పెట్టించండి, చేత్తో అటూ ఇటూ తిప్పేలాగ. మామూలు స్నానం రోజున దాన్ని అరటి చెట్ల వైపు తిప్పాలి. అంట్ల నీళ్లు అరటికి వదలడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే, పక్కన నాలుగు మెట్టతామర దుంపలు కూడా నాటితే తడి నిలవదు. గోమార్ల మందు వాడిన రోజున బెండు రెండో వైపుకి తిప్పాలి, తినే మొక్క ఏదీ లేని ఉత్త మట్టి వైపుకి. అక్కడ అడుగు లోతున వెడల్పైన గుంత చాలు, పైన కంప వేసి ఉంచాలి, లేకపోతే కోళ్లు వచ్చి ఆ నీళ్లు తాగుతాయి. గుంతలో నీళ్లు నిలిచే వానాకాలంలో మందు స్నానాలే వద్దు, గోమార్లకి ఇప్పుడు మాత్రలు కూడా ఉన్నాయి, కుక్క బరువు చూసి డాక్టరుగారు రాసిస్తారు.

కొక్కెం గురించి జాగ్రత్త. చప్టా వెనక ఉన్న గోడలో కుక్క భుజం ఎత్తులో బిగించాలి, అంతకంటే పైకి వద్దు. తాడు ఎంత ఉండాలంటే కుక్క చప్టా అంచు దాటి దూకలేనంత. పొడుగు తాడుతో కట్టేస్తే దూకినప్పుడు మెడకి ఉరి పడుతుంది, ఈ ప్రమాదం మనం అనుకున్నంత అరుదు కాదు. మెడ పట్టీకి బదులు ఛాతీకి వేసే బెల్టు వాడండి, కట్టేసి మాత్రం పక్కకి వెళ్లకండి.

నీళ్లకి ట్యాంకు నుంచి అరంగుళం పైపు చాలు. ఎండాకాలం ఆ పైపులో నిలిచిన నీళ్లు సలసల కాగి ఉంటాయి, మొదట కాసేపు పక్కకి వదిలి, చేయి పెట్టి చూసుకుని అప్పుడు కుక్క మీదకి తిప్పండి. ధనుర్మాసం చలికి పొద్దున్నే బకెట్టు ఎండలో పెట్టేస్తే పదకొండింటికి గోరువెచ్చగా అవుతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఉప్పు తగులుతుంది, సబ్బు నురగ రాదు, వచ్చింది ఓ పట్టాన పోదు. అక్కడ ఆఖరి రెండు బకెట్లైనా కుళాయి నీళ్లు పోయాలి. చర్మానికి సబ్బు పొర అంటుకుని ఉండిపోతే ఆ దురదకి కుక్క గోక్కుని గోక్కుని పుండ్లు చేసుకుంటుంది, మనం దాన్ని గజ్జి అనుకుని ఇంకా సబ్బు రుద్దుతాం.

సబ్బు అంటే కుక్కల షాంపూనే. మన చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటే కుక్కది 7కి దగ్గరగా ఉంటుంది, మన సబ్బులూ షాంపూలూ దానికి పడవు. ఫినాయిలు, కిరోసిన్ జోలికి అస్సలు పోవద్దు, ఇప్పటికీ పూసేవాళ్లున్నారు, ఆ మంటకి కుక్క ఇల్లంతా పరిగెత్తడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. డాక్టరుగారు ఇచ్చే మందు షాంపూ అయితే పూసి పది నిమిషాలు ఉంచాలి, నేల జారని చప్టా ఉంటేనే ఆ పది నిమిషాలు కుక్క నిలబడుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెథ్రిన్ ఉన్న మందు తేకండి, కుక్కకి సరిపోయేది పిల్లి ప్రాణం తీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి నెలకోసారి స్నానం చాలు, కాళ్లు కడగడం మాత్రం పొలం వెళ్లొచ్చిన ప్రతిసారీ. మొహం మీద నీళ్లు పోయొద్దు, తడిగుడ్డతో తుడవండి. చెవుల్లో తడి ఉండిపోతే చీము పడుతుంది, ల్యాబ్‌లాంటి వేలాడే చెవుల కుక్కలకి మరీను. ఒళ్లు పూర్తిగా ఆరేదాకా అరుగు మీద ఉంచండి, లేకపోతే నేరుగా వెళ్లి బూడిదలో పొర్లుతుంది.

"నాటు కుక్కకి ఇంత సేవేంటి" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. రాత్రంతా మేలుకుని కొబ్బరితోట కాసేది, గడప దగ్గరికి పాము వస్తే మొరిగి లేపేది ఆ నాటు కుక్కే. జాతి కుక్కకి ఇచ్చే మర్యాద దానికీ దక్కాలి. ఖర్చు మాటకొస్తే, గోమార్ల నుంచి వచ్చే ఎర్లీషియా జ్వరం పట్టిందంటే రక్త పరీక్షలకీ, వారాల తరబడి వాడే మందులకీ అయ్యేది చిన్న మొత్తం కాదు. 1986లోలాగానో 2022 జూలైలోలాగానో గోదారి పొంగితే లంకల్లో ఏ చప్టా అయినా మునుగుతుంది, అది నిజమే. వరద తీశాక ఒండ్రు గీకి, బ్లీచింగ్ చల్లి తోమి కడిగితే మళ్లీ పనికొస్తుంది.

పెరడు లేనివాళ్లు, పెంకుటింటి వాటాల్లో అద్దెకుండేవాళ్లు ఏం చేస్తారన్నది న్యాయమైన ప్రశ్న. పశువుల ఆసుపత్రుల ఆవరణలో గేదెల్ని నిలబెట్టి వైద్యం చేయడానికి ఇనప బోను ఉంటుంది కదా, దాని పక్కనే కుక్కలకి ఇలాంటి చప్టా ఒకటి కట్టిస్తే ఊరంతటికీ సరిపోతుంది. కుళాయి అక్కడే ఉంటుంది, డాక్టరుగారు అక్కడే ఉంటారు, మందు ఎంత కలపాలో అడగొచ్చు, యాంటీ రేబిస్ టీకా కూడా అదే రోజు వేయించుకోవచ్చు. మా పంచాయతీలో ఈ సంగతి కాగితం మీద రాసిచ్చాను, ఇటుకలు నేను ఇస్తానన్నాను, మేస్త్రీగారు కూలి లేకుండా ఒక పూట వస్తానన్నారు. మీ ఊళ్లో కూడా అడగండి. కొలతలు పైన రాసినవే. బెండు మాత్రం తిరిగేలాగే పెట్టించండి.